నాట్ల నెలలో కాగితంపువ్వులా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. ఈ ఏడు నన్ను మా చర్చి సంఘం స్త్రీల సమాజానికి కార్యదర్శిని చేశారు. పుస్తకంలో నలభైమంది పేర్లున్నాయి, గురువారం సాయంత్రం అయిదింటికి కూటం పెడితే పద్నాలుగు మంది వస్తే గొప్ప. సగంమంది పొలం పనులకి వెళ్తారు, ఏడెనిమిది మంది రొయ్యల ప్లాంటులో చేస్తారు, ఇద్దరు టీచర్లు, మిగతావాళ్లు ఇంటిపట్టున ఉండేవాళ్లు. పాట, ప్రార్థన, వాక్యం, కానుక, ఆశీర్వాదం. "ఎప్పుడూ ఇదేనా" అంటున్నారు. పాస్టరు అయ్యగారు "నెలకొకటి చొప్పున, కాలానికి తగ్గట్టు పన్నెండు కార్యక్రమాలు రాసి తేమ్మా, కమిటీలో పెడదాం" అన్నారు. ఫోనులో వెతికితే ఎర్రాకుల దండలు, మంచుబొమ్మల కార్డులు, గుమ్మడికాయ దీపాలు చూపిస్తోంది. ఏడు రాసి ఆగిపోయాను. డబ్బు కూడా పెద్దగా లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక చెల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: చెల్లీ, ఏడు దగ్గర ఆగిపోవడమే మంచిదైంది. అందులో కూడా ఒకటి రెండు కొట్టెయ్యి.

పన్నెండు రాసిన కాగితం నేనూ ఒకప్పుడు కమిటీలో పెట్టినదాన్నే. అందరూ బాగుందన్నారు. జులై ఎదురుగా "చేతిపనుల శిక్షణ" అని రాశాను. టౌను నుంచి నేర్పే ఆవిడని ఆటో మాట్లాడి పిలిపించాం, రంగు కాగితాలు, జిగురు, అరడజను కత్తెరలు కొన్నాం. తీరా ఆ గురువారం వచ్చింది ముగ్గురం: నేను, పాస్టరు గారి భార్య అమ్మగారు, మోకాళ్ల నొప్పులతో పొలం మానేసిన ఒక మామ్మ. ఆ మామ్మ కత్తెర అటూ ఇటూ తిప్పి చూసి, "ఊళ్లో ఆడాళ్లంతా బురదలో ఉంటే కాగితంపువ్వులు ఎవరు చేస్తారే?" అంది. నేర్పే ఆవిడ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కత్తెరలు చాలా ఏళ్లు చర్చి బీరువాలోనే ఉన్నాయి.

అందుకని కార్యక్రమాలు రాసే ముందు ఒక ఠావు తీసుకుని మీ సభ్యులు ఏ నెలలో ఎక్కడుంటారో రాయి. డెల్టాలో నేను చెప్పాలా, వానాకాలం సార్వా నాట్లు జులైలో మొదలై ఆగస్టులోకి సాగుతాయి, కోతలు నవంబరు, డిసెంబరు. ఆ వెంటనే రెండో పంట దాళ్వా నాట్లు, ఆ కోతలు ఏప్రిల్. దాని కింద బళ్లు తెరిచే రోజు, పరీక్షలు రాయి. ప్లాంటువాళ్లకి పని ఎప్పుడు ఎక్కువో వాళ్లనే అడిగి రాయి. అన్నిటి కిందా క్రిస్మస్ ముందరి ఆగమనకాలం, క్రిస్మస్, ఈస్టర్ ముందరి నలభై శ్రమల దినాలు, ఈస్టర్ రాయి. ఈస్టర్ ఒక చోట ఉండదు కదా, మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. వారం రోజులు అటూ ఇటూ అయితే మీ శుభ శుక్రవారం కోతల్లో పడుతుందో, కోతల ముందు పడుతుందో మారిపోతుంది. ఈ ఠావు చూస్తే ఏ నెలలో ఏం అడగకూడదో నీకే తెలుస్తుంది.

జులై, ఆగస్టులో ఏం అడగకూడదు? రమ్మని అడగకూడదు. కూటం అరగంటే పెట్టు, పాట, ప్రార్థన, ఇంటికి. ఆ రెండు నెలలూ సమాజం పని వేరే చోట ఉంది. బడి వదిలాక నాట్లకి వెళ్లిన తల్లుల పిల్లలు చీకటి పడేదాకా ఎక్కడుంటారు? కాలవగట్టు మీద. చర్చి వసారాలో నాలుగింటి నుంచి ఆరున్నర దాకా చాపలు పరిచి కూర్చోబెట్టండి. మీ టీచర్లు ఇద్దరికీ వారానికి చెరో రోజు చాలు, రోజూ వాళ్ల మీద వేస్తే నెలకే మానేస్తారు. ఇంటిపట్టున ఉన్నవాళ్లు వంతులు వేసుకోవచ్చు, కానీ ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒక్కరి మీద వదలొద్దు. పిల్లలకి ఇన్ని మరమరాలో, ఉడికించిన శనగలో. అమ్మ వచ్చి తీసుకెళ్లేటప్పుడు బురద కాళ్లతోనే గుమ్మంలో నిలబడి ఒక ప్రార్థన చేసి పంపండి. నాట్ల నెలల్లో ఆమెకి అదే కూటం.

వానాకాలంలో ఇంట్లో ఉండేవాళ్ల చేతికి పని కావాలంటే నరసాపురం మీకు ఎంతో దూరం లేదు. 1844 ప్రాంతంలో మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకి లేసు అల్లిక నేర్పారని చెప్తారు, ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. మీ నలభైమందిలో లేసు అల్లడం వచ్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. ప్రభువు బల్ల గుడ్డకి అంచు అల్లించు. జులైలో మొదలుపెడితే తీరిగ్గా క్రిస్మస్‌కి అందుతుంది. గుడ్డ రంగు క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తెలుపు, ఆగమనకాలానికీ శ్రమల దినాలకీ ఊదా, పెంతెకొస్తుకి ఎరుపు, మిగతా రోజులకి ఆకుపచ్చ. ఏడాదికి ఒక రంగు చేసినా నాలుగేళ్ల పని. అయితే ఒక మాట. లేసు చాలామందికి కూలిపని. డబ్బులొచ్చే పనిని దేవుడి పేరు చెప్పి ఊరికే చెయ్యమంటున్నావని మర్చిపోకు. దారం సమాజం డబ్బుతో కొను, ఒక్కరి చేతే అంతా అల్లించకు. అపొస్తలుల కార్యాలు 9లో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు తెచ్చి పేతురుకి చూపిస్తూ ఏడ్చారని ఉంది కదా. ఆ భాగం అల్లేవాళ్ల మధ్యలో కూర్చుని చదువు, పీఠం దగ్గర నిలబడి కాదు.

సెప్టెంబరులో ఏమీ పెట్టకపోయినా ఫరవాలేదు. మరీ ఖాళీగా ఉందనిపిస్తే ఏ.ఎన్.ఎం. గారిని పిలిచి బీపీ చూపించి, రొమ్ములో గడ్డల సంగతి చెప్పించు. ఆ పూట సంఘ పెద్దలు చర్చి ఛాయలకి రాకుండా చూసుకో, అప్పుడు గానీ మనవాళ్లు నోరు విప్పరు.

అక్టోబరు మాత్రం వదలొద్దు. ఏ ఫోనూ ఇవ్వని కార్యక్రమం ఇది. మనకి అక్టోబరు, నవంబరు అంటే తుఫాన్లు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుఫాను 1996 నవంబరు 6న. మీ సంఘంలో ఆ రెండోది కళ్లారా చూసినవాళ్లు ఉండే ఉంటారు. ఒక గురువారం వాళ్ల చేత చెప్పించు. ఆ రాత్రి ఏ ఇంట్లో తలదాచుకున్నారు, మర్నాడు ఏం తిన్నారు, దేని కోసం వెతుక్కున్నారు. సాక్ష్యం అంటే మనవాళ్లకి భయం ఉండదు, అరగంట అనుకున్నది గంటన్నర అవుతుంది, కానివ్వు. చివర్లో ఇంటికో మందపాటి ప్లాస్టిక్ కవరు ఇవ్వు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు అందులో పెట్టి, మూతి మడిచి, గుడ్డలో చుట్టి పైన పెట్టుకోమను. పై వారం ఎవరెవరు పెట్టారో అడుగు. సమాజం తరఫున చర్చి బీరువాలో కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఉతికిన పాతచీరలు ఒక మూట ఉంచండి. మొత్తం వెయ్యి రూపాయల లోపు పని.

కోతల పండుగ తేదీ సంఘానికోలా ఉంటుంది. మీది నవంబరు మొదట్లో అయితే వెనక్కి జరపమని అయ్యగారిని అడుగు. చేలో ఉన్న పంటకి పండుగ ఏమిటి? ధాన్యం ఇంటికి వచ్చాక చెయ్యాలి. రూతు రెండో అధ్యాయం ప్రతి ఏడూ అయ్యగారే చెప్తుంటే, ఈసారి మీలో పరిగె ఏరినవాళ్ల చేత చెప్పించు. కోసిన చేలో వంగి వంగి రోజంతా ఏరితే ఎంత వస్తుందో వాళ్లకి తెలుసు. సాయంత్రానికి రూతు దులిపిన యవలు తూమెడు అయ్యాయని చదవగానే, "అంత ఎలా వస్తుంది, వాళ్లెవరో కావాలని పనలు వదిలుంటారు" అంది మా ఊరావిడ. పదహారో వచనంలో సరిగ్గా అదే ఉంది. ఆవిడకి చదువు రాదు.

ఆ పండుగకి తెచ్చిన కానుకల వేలంపాట మీవాళ్లే పాడించాలి. మా చర్చిలో ఎప్పుడూ మగవాళ్లే నిలబడేవాళ్లు, గుమ్మడికాయలకీ పుంజులకీ పోటీలు పడేవాళ్లు. ఒక ఏడు గొంతు ఉన్న ఒక వదిన లేచి పాట అందుకుంది. ఒక ముసలావిడ తువ్వాలులో కట్టుకుని ఆరు కోడిగుడ్లు తెచ్చింది, ఎవరూ చూడకుండా బల్ల చివర పెట్టింది. వదిన ముందు వాటినే ఎత్తింది. నూటయాభైకి పాడుకున్నాయన తిరిగి కానుకగా ఇచ్చేశాడు. మళ్లీ పాట పెడితే రెండువందలు. మళ్లీ ఇచ్చారు. నాలుగుసార్లు తిరిగి, చివరికి పాడుకున్న పిల్ల వాటిని ఆ ముసలావిడ ఒళ్లోనే పెట్టింది. లెక్క చదివేటప్పుడు ఆవిడ పేరు, "గుడ్లు ఆరు, ఏడువందల ఇరవై రూపాయలు" అని చదివారు. తెచ్చినవాళ్ల పేరు మీద రాయడం ముఖ్యం చెల్లీ. పాడుకున్నవాళ్ల పేరు ఎలాగూ అందరికీ తెలుస్తుంది.

డబ్బు లేదన్నావు. పిడికెడు బియ్యం మొదలుపెట్టు. మీలో పెద్దవాళ్లకి ఇది కొత్త కాదు, మధ్యలో వదిలేశారంతే. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఆపకుండా చేస్తున్నారు. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యడమే. నా పిడికిలితో తూచి చూశాను, నలభై అయిదు గ్రాములు. రోజుకి ఒక పిడికెడు, నెలకి కేజీ మూడువందల యాభై. ఇరవై ఇళ్లవాళ్లు వేస్తే పాతిక కేజీల బస్తా నిండి ఇంకా మిగులుతుంది. ఒక్క జాగ్రత్త, రేషన్ బియ్యం, సన్నబియ్యం ఒకే సంచిలో పొయ్యకండి, ఒకటి మెత్తబడితే ఇంకోటి పలుకుగా ఉంటుంది. రెండు సంచులు పెట్టి, ఎవరు ఏ సంచిలో పోస్తున్నారో ఎవరూ చూడకుండా గది లోపల పెట్టండి. బియ్యం అమ్మితే ఆ నెల లెక్క ఆ నెలే కూటంలో పైకి చదువు.

ఇక క్రిస్మస్. చీరల పంపిణీ నీ కాగితంలో ఉండే ఉంటుంది, ఉండనీ. ఫోటోలు మాత్రం వద్దు. చీర అందుకునే విధవరాలి చేతిని ముగ్గురు పట్టుకుని కెమెరా వైపు తిప్పడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికివ్వాలో వాళ్ల ఇంటికి ఇద్దరు వెళ్లి ఇచ్చి, కాసేపు కూర్చుని రండి.

సమాజమంతా కలిసి చెయ్యాల్సింది అరిసెలు. ఇంట్లో ఒక్కదానికీ కుదరని పని అది, ఒకరు పాకం చూడాలి, ఒకరు పిండి పొయ్యాలి, ఒకరు తిప్పాలి, ఒకరు వత్తాలి, ఇద్దరు నూనె దగ్గర. చేతికందిన కోతల మధ్య ఎలాగంటావేమో, అందుకే పగలు వద్దు. క్రిస్మస్ ముందు శనివారం రాత్రి భోజనాలయ్యాక చర్చి వెనక పొయ్యి వెయ్యండి. బియ్యం ముందురోజే నానబెట్టాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, మర్నాడు వడగట్టి తడి ఆరకుండా పట్టించాలి. కేజీ బియ్యానికి ముప్పావు కేజీ బెల్లం మా లెక్క. పాకం నీళ్ల గిన్నెలో వేస్తే మెత్తగా ఉండకట్టాలి. ఆ ఉండ పళ్లెంలో వేస్తే ఠంగుమందంటే ముదిరిపోయినట్టే, అరిసెలు రాళ్లవుతాయి. పాకం దగ్గర పెద్దవాళ్లని కూర్చోబెట్టి కొత్త కోడళ్లని పక్కన నిలబెట్టు. కూటంలో నోరు మెదపని పిల్ల నూనె దగ్గర అత్తగారి మీద జోకులు వేస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ల ఇళ్లకీ, మన సంఘం కాని పక్కింటివాళ్లకీ అవే పంచండి. కేరల్స్‌కి వెళ్లినప్పుడు ఎటూ ప్రతి ఇంట్లోనూ మనకి టీలు పోస్తారు, ఈసారి మనమే ఇద్దాం.

శ్రమల దినాలు వచ్చేసరికి దాళ్వా నాట్లు అయిపోయి, కోతలు ఇంకా రాక, మీవాళ్లకి సాయంత్రాలు కాస్త ఊపిరి ఉంటుంది. ఇంటింటి ప్రార్థనలు అప్పుడే పెట్టు. నలభై రోజులు, నీకు నలభైమంది సభ్యులు. కానీ ఈ ఇంటింటి ప్రార్థనలు ఎక్కడ చెడతాయో తెలుసా? టిఫిన్ల దగ్గర. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు. రెండో ఇల్లు టీతో ఊరుకుంటే ఎలా, ఉప్మా. పదో ఇంటికి వచ్చేసరికి బజ్జీలు, కేసరి. పదిహేనో ఇంటావిడ కూలికి వెళ్లేది, "మా ఇంట్లో వద్దులెండి, చోటు లేదు" అంటుంది. చోటు ఉంటుంది, లేనిది ఉప్మా. మొదటి రోజే కమిటీ చేత రాయించు, ప్రతి ఇంట్లోనూ మంచినీళ్లు మాత్రమే అని. ఆ మాట అమ్మగారి నోటితో చెప్పించు, ఆవిడ ఇంట్లోనే మొదటి ప్రార్థన పెట్టి మంచినీళ్లే ఇమ్మను. కుర్చీలు మొయ్యొద్దు, అందరూ చాప మీద. ఎవరైనా మనసాగక చేసి పెడితే తినకుండా రావడం కూడా కష్టమే అనుకో, అలాంటప్పుడు పిల్లలకి పెట్టించు.

ఆ సాయంత్రాల్లోనే పాత కీర్తనలు. కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం రాసి ఉంటాయి, ఎవరం చూడం. కీబోర్డు వచ్చాక అన్నీ ఒకే దరువు. అచ్చమైన వరస వచ్చిన మామ్మలు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టు. ఇంటికొక కీర్తన, మామ్మ పాడాలి, మిగతావాళ్లు అందుకోవాలి, ఎవరో ఒకరు ఫోనులో రికార్డు చెయ్యాలి. ఫోను ఈ పనికి పనికొస్తుంది.

మధ్యలో మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. ఏడాదికొక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు, లోకమంతా ఆ రోజు అదే చదువుతారు. 2025లో కుక్ దీవులవాళ్లు రాశారు, 2026లో నైజీరియావాళ్లు. ఆ దేశం పేరు చెప్పి ఊరుకుంటే మనవాళ్లకి ఏం పడుతుంది? ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కర్రపెండలం పండించేది నైజీరియా అని చెప్పి, ఇంత కర్రపెండలం ఉడకబెట్టి పంచితే గుర్తుంటుంది. అదే రోజు లీస్ట్ కాయిన్ డబ్బాలు ఇవ్వు. 1956లో శాంతి సాల్మన్ అనే మన భారతదేశపు స్త్రీ మొదలుపెట్టింది ఆ పద్ధతి. ప్రార్థన చేసిన ప్రతిసారీ దేశంలో అన్నిటికంటే చిన్న నాణెం ఒకటి పక్కన పెట్టడం. ఎవరి దగ్గర ఎంత ఉన్నా అంతే, ఎక్కువ వెయ్యకూడదు. మీ టీచరూ రూపాయే, కూలికి వెళ్లే ఆవిడా రూపాయే.

ఈస్టర్ ముందు శనివారం పారలు, చీపుళ్లు పట్టుకుని సమాధుల తోటకి వెళ్లండి. గడ్డి కోసి, సున్నం వేసి, దిక్కులేని సమాధుల మీద కూడా నాలుగు పూలు పెట్టి రండి. తెల్లవారుజామున ఆరాధనకి సంఘమంతా అక్కడికి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. నాలుగు సువార్తల్లోనూ సమాధి దగ్గరికి ముందు వెళ్లింది ఆడవాళ్లే కదా, దీనికి కమిటీ అనుమతి అడగక్కర్లేదు.

మేలో మజ్జిగ చలివేంద్రం, బస్టాపు దగ్గర. పది లీటర్ల పెరుగుకి నలభై, యాభై లీటర్ల మజ్జిగ వస్తుంది. పెరుగు పొద్దున్నే తెచ్చి అప్పటికప్పుడు చిలకండి, రాత్రే చిలికి ఉంచితే పదింటికే పులుస్తుంది, మాకు అయింది. నెలంతా అని బోర్డు పెట్టకు, పది రోజులు అని పెట్టు. జూన్‌లో నోటుపుస్తకాల పంపిణీ అని నీ ఏడింటిలో రాసి ఉంటావు. ప్రభుత్వ బడి పిల్లలకి పుస్తకాలు, బ్యాగు, బూట్లు కిట్టులో వస్తున్నాయి. ఇంటర్‌లో చేరే పిల్లల సంగతి అడుగు, బస్సు పాసుకి డబ్బు లేక ఆగిపోయిన ఆడపిల్ల ఉందేమో.

ఇవన్నీ ఒకే ఏడాదిలో వద్దు. ఈసారికి పిడికెడు బియ్యం, అక్టోబరు కవర్లు, అరిసెలు, ఇంటింటి ప్రార్థనలు. పన్నెండు అడిగిన అయ్యగారికి నాలుగు చూపిస్తే మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. పొలం పనుల ఠావు ముందు చూపించు, తర్వాత నాలుగూ చూపించు.

ఇంకొక సంగతి. కూటం గురువారం అయిదింటికి అన్నావు. రొయ్యల ప్లాంటు వ్యాను మీ ఊళ్లోకి ఎన్నింటికి వస్తుందో కనుక్కున్నావా? ఆరున్నరకి వస్తే, ఆ ఏడెనిమిది మంది పేర్లు పుస్తకంలో ఉండి ఏం లాభం? వాళ్లు దిగి, కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద ఎసరు పెట్టుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు గంట కొట్టించు.